బుగ్గ మీద సొన

ఒక్క ఫోటో తొడ కింద ఉంది, మిగతా పదకొండూ ఒళ్ళో కవరులో ఉన్నాయి. ముసునూరు బస్సు నూజివీడు బస్టాండులోంచి ఇంకా కదలలేదు. డ్రైవరు టీ తాగుతున్నాడు. ఎండకి కాగిన సీటు చురుక్కుమంటుంటే, ఆ వేడికి ఫోటో మీద బొమ్మ కరిగిపోతే ఎంత బాగుండునో అనుకుంది హైమ. కరగదు. స్టూడియో ముసలాయన నాన్న ముందే గర్వంగా చెప్పాడుగా, "పన్నెండుకి పన్నెండూ వచ్చినయ్యండీ తిరుపతిరావుగారూ, ఒక్కటీ పాడవలేదు, తీసిన అమ్మాయిది మంచి చెయ్యి" అని. నాన్న కవరుని అరచేతిలో వేసుకుని, కాయ బరువు చూసినట్టు ఒకసారి ఎగరేసి, విప్పకుండానే తనకిచ్చేశాడు. "ఇంటికెళ్ళాక అందరం కలిసి చూద్దాం" అన్నాడు. అంటే గంట. ఊరు చేరడానికి గంట. ఈ గంటలోపల ఆ ఒక్కటీ లేకుండా పోవాలి. సగానికి చింపి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, వేలిగోరంత ముక్కలు చేసి, బస్సు వేగం అందుకున్నాక కిటికీలోంచి వదిలెయ్యాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? మొహాలున్న వైపా, చేతులున్న వైపా? సవరయ్య మొహాన్ని మధ్యకి చింపడం అనుకోగానే ఆమె పళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి. ఆ మొహం ఒకసారి విరిగింది. ఎనిమిది రోజులే అయింది.

విరిగినప్పుడు ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుంది. అందుకని ఆ పొద్దు మొత్తం ఆమెకి చప్పుళ్ళుగానే మిగిలింది, బస్సు ఇంజను స్టార్టయి కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే ఇప్పుడూ ఆ చప్పుళ్ళే. సోమవారం పొద్దున, ఇంటి వాకిట్లో. తను తలుపు వెనక, అమ్మ అరచెయ్యి తన నోటి మీద. ఉల్లిపాయ వాసన. బయట నాన్న గొంతు, "పదకొండు కాయలేవిరా?" తోట కాపలా సవరయ్య గొంతు, "కోతులండి బాబుగారూ. నిన్న మజ్జాన్నం మందకి మంద దిగిందండి." "కోతులా?" నాన్న మెత్తగా అన్నాడు. నాన్న మెత్తగా మాట్లాడితే ఆ ఇంట్లో గిన్నెలు కూడా ఊపిరి బిగబట్టుకుంటాయి. "ఇలా రా. వెలుతుర్లోకి రా. కోతులు తింటే నీ బుగ్గ మీద సొనేంట్రా?" అంతే. ఆ వైపు ఊళ్ళలో మామిడికాయ దొంగని పట్టడానికి పోలీసు అక్కర్లేదు. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ చర్మం కాల్చేసి, తెల్లారేసరికి నల్లగా మచ్చ కడుతుంది. కడిగితే పోదు, నూనె రాస్తే పోదు, దేవుడి మీద ఒట్టేసినా పోదు. మచ్చ ఉంటే కోసినట్టే. గోడకి ఆనించిన దోటి చప్పుడు చేస్తూ లేచింది. కాయలు కోసే ఆ వెదురు గడ మూడు నిలువుల పొడుగు, చివర తాళ్ళ చిక్కం. మొదటి దెబ్బ తడిసిన గోనెసంచీని రాతి మీద బాదినట్టు. రెండోదీ అంతే. మూడో దెబ్బకి వెదురు విరిగింది. అయిపోయిందనుకుంది. అయిపోలేదు. విరిగిన సగం చేతికి బాగా పట్టు దొరికినట్టుంది, నాలుగూ ఐదూ ఆరూ ఏడూ గబగబా పడ్డాయి, మధ్యలో సవరయ్య "బాబుగారండీ" అన్న ప్రతిసారీ ఆ మాట సగంలో తెగింది. ఎనిమిది. తొమ్మిదోది వేరే చప్పుడు. పచ్చికాయని బండకేసి కొట్టినట్టు. ఆ తర్వాత ఒక కోడి కూడా కూయలేదు. అమ్మ చెయ్యి తీసేసరికి అమ్మ అరచేతిలో తన పళ్ళ గాట్లు, నాలుగు, ఎర్రగా.

బస్సు ఆసుపత్రి దగ్గర ఆగింది. ఆగకపోతే బాగుండును. ఇక్కడ ఎవరెక్కుతారో ఆమెకి తెలుసు. అమృతమ్మ ఎక్కింది, సవరయ్య పెళ్ళాం, చేతిలో ఖాళీ గిన్నె, ఒక గ్లాసు, చంకలో దుప్పటి. ఆడవాళ్ళ సీట్లలో ఎవరూ జరగలేదు. అడగనూ లేదు ఆవిడ, హైమ సీటు పక్కనే దారిలో కింద చతికిలపడింది. తల ఎత్తి హైమని చూసింది, చూసి కిటికీ వైపు తిప్పుకుంది. వెనక మగవాళ్ళ సీట్లలోంచి నాన్న గొంతు అమాంతం పెద్దదయింది, ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడేలా. "ఎస్సైగారితో మాట్లాడొచ్చానండీ. రేపు పొద్దున కాయితం రాసిస్తే చాలు, ఆసుపత్రి నుంచి అటే తీసుకుపోతారు. తోటలో వాళ్ళ గుడిసె మాత్రం సాయంత్రానికి ఖాళీ అవ్వాలి. దొంగల్ని తోటలో పెట్టుకుని నేనెక్కడ కాపలా కాసేది?" ఎవరో, "మీరు గనక ఇన్నాళ్ళు పెట్టుకున్నారు" అన్నారు. ఇంకెవరో, "ఇక ఏ తోటలోనూ రానివ్వరులెండి వాణ్ణి" అన్నారు. అమృతమ్మ మెడ మీద ఒక నరం లేచి ఆగింది. గిన్నె మూత బస్సు కుదుపుకి టకటక కొట్టుకుంటుంటే దాని మీద చెయ్యి పెట్టి నొక్కింది. ఏం పెడుతోంది ఆయనకి? దవడకి తీగలు కట్టారట. గంజి కూడా గొట్టంతోనే. గొట్టంతో గంజి తాగే మనిషిని పోలీసులు ఏం అడుగుతారు? ఆయనేం చెబుతాడు? చెప్పడానికి నోరేదీ?

నోరు. తనకి మాత్రం నోరు ఉండి ఏం లాభం! నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ మెచ్చుకుంటారు, క్లాసులో హాజరు పిలిస్తే పలికిన పలుకు మాస్టారికి వినపడక రెండుసార్లు ఆబ్సెంటు పడింది. అన్నీ డైరీలోకే పోతాయి. ఎరువుల కొట్టు వాళ్ళు నాన్నకిచ్చిన 1986 డైరీ, ప్రతి పేజీ కింద యూరియా బస్తా బొమ్మ. బియ్యం డబ్బా వెనక దాస్తుంది. ఆ ఆదివారం పేజీ చాలక సోమ, మంగళ, బుధవారాల పేజీల్లోకి కూడా రాసేసింది, ఆదివారం రాత్రే, చుట్టపుచూపుగా వచ్చిన ఉమక్క పక్కన బోర్లా పడుకుని నవ్వుకుంటూ. అందుకని సోమవారం పేజీలో దెబ్బలకి చోటు లేకుండా పోయింది. అంచున మిగిలిన చోటులో ఇంత మాత్రం రాసింది: ఈ రోజు ఎండ ఎక్కువ.

"ఏంటమ్మాయ్ ఆ కవరు? పెళ్ళికొడుకు ఫోటోనా, అంత గట్టిగా పట్టుకున్నావు?" పక్కన కూర్చున్న ముసలావిడ. బాపులపాడు నుంచి మనవరాలి పురిటికి వెళ్తోందట, ముక్కుపొడుం వాసన. హైమ తల అడ్డంగా ఊపింది. ముసలావిడ ఊరుకుంటుందా, "మరి చూపించడానికేం? మేం తినేస్తామా?" అని కవరు లాగనే లాగింది. లాగిన చెయ్యి తొడ దగ్గరికి రాకుండా హైమ ఇంకాస్త కదలకుండా కూర్చుంది. కవరులో ఉన్నవి పోతే పోనీ. వాటిలో ఏముంది? ముందు సీటు నుంచి ఒకావిడ తిరిగింది, వెనక సీటు నుంచి ఒకావిడ వంగింది, ఫోటోలు ఒకటొకటిగా చేతులు మారడం మొదలుపెట్టాయి. "ఇది నూజివీడు బస్టాండే కదూ, సోడా బండీ!" అవును. మొట్టమొదటిది. ఉమక్క బెజవాడ నుంచి దిగగానే, మెళ్ళో పెట్టె కెమెరా, పెద్దమ్మ కూతురే గానీ సినిమాలోంచి దిగినట్టుంది, "నుంచో నుంచో అలాగే నుంచో" అని తనని గోలీసోడాతో తీసింది. రీలుకి పన్నెండే ఫోటోలు, పన్నెండూ మన ఊళ్ళ సాహసాలే తియ్యాలి అంది. రెండోది తమ్మిలేరు ఇసకలో, నీళ్ళు లేని ఏట్లో ఈత కొడుతున్నట్టు పడుకుని. మూడోది ఒక్క సైకిలు మీద ఇద్దరూ, దారిన పోయే కుర్రాడితో తీయించుకున్నది, సైకిలు పక్క గట్టు మీద మేక. నాలుగోది ట్రాక్టరు తొట్టిలో కలెక్టరు మామిడికాయల గుట్ట మీద. ఐదోది అమ్మ. అమ్మ నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎప్పుడూ అంతే. ముందు పన్ను ఒకటి లేదు. అది ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ అనరు, ఆ రోజు పప్పు మాడింది అని మాత్రం అంటారు.

"అన్నిట్లోనూ ఈ పిల్ల కళ్ళు మూసుకునే ఉందర్రా!" ముందు సీటావిడ కిలకిలా నవ్వింది. నిజమే. స్టూడియో మెట్ల మీద, నాన్న కిళ్ళీ కొట్టు దగ్గర ఆగిన క్షణంలో, గబగబా చూసుకున్నప్పుడు ఆమె గమనించింది. సోడాతో కళ్ళు మూసి, ఇసకలో కళ్ళు మూసి, సైకిలు మీద కళ్ళు మూసి. క్లిక్కుమనే ముందు రెప్పలు పడిపోతాయి, చప్పుడు వస్తుందని తెలిస్తే చాలు, అది ఏ చప్పుడైనా సరే. నాన్న ఇంట్లో చెప్పులు విడిచే తీరుని బట్టి కళ్ళు మూసుకోవడం నేర్చుకున్న పిల్లకి కెమెరా ఒక లెక్కా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడలేదనుకుంటుందట. తను పాలు తాగలేదు. కాయలు కోసింది.

ఆ చెట్టు. తోటలో అన్నీ ముత్తాతల నాటి చెట్లు, నిచ్చెనేసినా అందవు. ఉమక్క తల వెనక్కి వాల్చి చూసి, "ఇంత తోటలో కాయ చేతికి అందే చెట్టు ఒక్కటి లేదేంటే? ఫోటోలో నీ చెయ్యీ కాయా రెండూ పడాలి కదా" అంది. ఒక్కటుంది. మోటారు షెడ్డు పక్కన చిన్నరసం మామిడి అంటు, నడుమెత్తు మొదలు, ఆమె భుజం దాకా కొమ్మలు. నాన్న స్వయంగా అంటు కట్టాడు దాన్ని. మూడేళ్ళు పూత వచ్చినప్పుడల్లా గిల్లేశాడు, ముందు చెట్టు బలపడాలని. ఈ ఏడాదే తొలికాపు, పదకొండు కాయలు. దాన్ని ముట్టుకోవద్దు అన్నాడు. ఎందుకో చెప్పలేదు, ఆ ఇంట్లో ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. "తెంపొద్దులే, ఊరికే పట్టుకో" అంది ఉమక్క కెమెరాలోకి వంగి. పట్టుకుంది. కాయ చల్లగా, నిండుగా, అరచేతిలో పట్టినంత. కాస్త లాగింది, అంతే, టప్. చేతిలోకి వచ్చేసింది. ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అక్కడ ఆగిపోవచ్చు. ఒక కాయ రాలిందంటే నమ్ముతారు. కానీ ఆ చప్పుడు, ఆ టప్ అన్నది, ఆమె ఒంట్లో ఎక్కడో తగిలింది. ఉమక్క కాదు, హైమే, ఇంకో కాయ విరిచింది. ఇంకోటి. తొడిమ విరిగిన ప్రతిసారీ భుజం దాకా జలజలమంది. కొమ్మ వంచి లాగింది, ఆకులు చిరిగాయి, ఒక లేతకొమ్మ పెళుక్కున తెగి తొక్కతో వేలాడింది, ఆగలేదు. ఎవరి మెడలనుకుని విరిచింది అన్ని తొడిమలు? పదకొండో కాయ కోసి వోణీ చెంగులో వేసుకునేసరికి ఆమె రొప్పుతోంది, నవ్వుతోంది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ ఊపిరి పీల్చలేదు. నాన్న కొట్టేటప్పుడు కూడా ఇలాగే ఉంటుందా? ఈ ఆలోచన సోమవారం మధ్యాహ్నం వచ్చింది, అప్పటినుంచి పోలేదు.

అప్పుడొచ్చాడు సవరయ్య, మోటారు షెడ్డు వెనక నుంచి, పరిగెత్తుకుంటూ. చెట్టు చూసి నిలబడిపోయాడు. "అయ్యో పాపగారూ" అన్నాడు, "అయ్యో" అన్నాడు మళ్ళీ. ఏమీ తిట్టలేదు. ఆమె మణికట్టు మీద సొన కారుతుండడం చూసి, "ఇలాగివ్వండి, తలకిందులుగా పట్టుకోవాలండీ, కాలిపోద్ది" అని ఆమె చెంగులో పైనున్న కాయ అందుకుని మిగిలిన తొడిమ విరిచాడు. సొన ఎగిరి ఆయన బుగ్గ మీద చిమ్మింది. ఉమక్క పగలబడి నవ్వింది. ఆయన కూడా బుగ్గ మీద చెయ్యేసుకుని నవ్వాడు, వయసు మళ్ళిన మనిషి, అచ్చం చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ, "నన్నుగూడా తీస్తారేంటండీ?" అన్నాడు. క్లిక్కుమంది. అది పన్నెండోది. ఆ తర్వాత ఆయన చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాడు, తెగిన కొమ్మని గుడ్డపీలికతో కడుతూ. "నే చూసుకుంటాలెండి. మీరు పొండి" అన్నాడు. వెళ్ళిపోయారు. కాలవ గట్టు మీద రెండు కాయలు కొరికారు, పులుపు, ముదిరాయి గానీ పండలేదు. మిగతావి కాలవలో విసిరేశారు, ఎవరిది దూరం పోతుందో చూద్దామని పందెం వేసుకుని. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి ఉమక్క వెళ్ళిపోయింది, ఏమీ తెలియకుండా, రీలు తన చేతిలో పెట్టి, "కడిగించి ఒక సెట్టు నాకు పోస్టు చెయ్యవే" అని చెప్పి. బస్సు మలుపు తిరిగిన పావుగంటకి దోటి లేచింది.

ఆ మధ్యాహ్నం అమ్మ హైమ వోణీ ఉతుకుతూ సొన మరక చూసింది. బండ మీద ఆ మరకనే రుద్దింది, చాలాసేపు, గుడ్డ చిరిగేదాకా. "అది నీ చెట్టే" అంది తల ఎత్తకుండా. "నీకు పదేళ్ళప్పుడు టైఫాయిడొచ్చి మూడు వారాలు కళ్ళు తెరవలేదు. ఆ అంటు అప్పుడు కట్టాడు మీ నాన్న. పిల్ల బతికితే తొలికాపు చిన్న తిరుపతి వెంకన్నకిస్తానని. నిన్ను భుజాన వేసుకుని నూజివీడు దాకా నడిచాడు, బస్సు లేక." మళ్ళీ రుద్దింది. "మొక్కు తప్పితే నీకేమవుతుందోనని కొట్టాడు. అంతేగానీ కాయల కోసం కాదు." అమ్మకి ఆ మాట చెప్పడం ఇష్టంలాగే ఉంది, అదేదో నాన్నని కడిగేసే మాట అయినట్టు.  తన కోసం. ఆ తొమ్మిది దెబ్బలూ తన కోసం. "నేను చెప్పేస్తానమ్మా." "నోరు మూసుకో" అంది అమ్మ, చిరిగిన వోణీని పొయ్యిలో కుక్కుతూ. "ఆయన కోపం దిగనీ. ఆడపిల్లవి. దవడ వాడిది విరిగింది, నీది విరిగితే ఎవరు చేసుకుంటారు?"

బస్సు కుదుపుకి మణికట్టు మీద గాజులు పైకి జరిగాయి. గబుక్కున కిందకి లాక్కుంది. ఆరు గాజుల కింద నల్లగా, చింతగింజంత మచ్చ. ఎనిమిది రోజులుగా నాన్నకి కంచంలో అన్నం ఈ చేత్తోనే వడ్డించింది. నాన్న చూడలేదు. సవరయ్య బుగ్గని వెలుతుర్లోకి రమ్మన్న మనిషి తన చేతిని ఏ వెలుతుర్లోనూ చూడలేదు.

"తిరుపతిరావుగారి కూతురివా నువ్వు? ముందే చెప్పవేం!" వెనక సీటావిడ చెవిలో చెప్పింది గామోసు, ముసలావిడ ఫోటోలన్నీ కూడగట్టి వెనక్కి అందించింది. "ఇవి వెనక్కి పంపండర్రా, తండ్రి చూసుకుంటాడు." ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, తలల మీదుగా, కండక్టరు చేతిలోకి. "ఫోటోలకి టిక్కెట్టు ఎవరు కొడతారు? పదకొండు మంది ఉన్నారు" అన్నాడు కండక్టరు, అందరూ నవ్వారు. వెనక నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చాలా ఇష్టం, అదే కష్టం. "మా అమ్మాయేనండీ. ఇదిగో ఇది తమ్మిలేరు. చూడండి, ఎట్లా పడుకుందో ఇసకలో! ఇంట్లో మాట్లాడదుగానీ బయట అన్నీ వేషాలే" అంటున్నాడు మురిసిపోతూ, ఎవరెవరికో చూపిస్తూ. ఆ చేతులు ఇప్పుడు ఫోటోల అంచులు ఎంత జాగ్రత్తగా పట్టుకుని ఉంటాయో ఆమెకి తెలుసు. అంటు కట్టేటప్పుడు కూడా అంతే జాగ్రత్త, రెండు కొమ్మల గాయాలూ ఒకదానికొకటి అతికేలా పెట్టి, గుడ్డ చుట్టి. సరే. ఇప్పుడే. అందరూ అటు చూస్తున్నారు. హైమ తొడ కింద చెయ్యి పెట్టి ఫోటో మూల పట్టుకుంది. చెమటకి అంటుకుపోయింది. కిటికీ అవతల తోటలు, తోటల తర్వాత తోటలు, బస్సు బాగా వేగం మీదుంది, గాలి ముక్కల్ని క్షణంలో మింగేస్తుంది.

"అమ్మాయిగారూ."

అమృతమ్మ. తల ఎత్తలేదు, గొంతు పెంచలేదు, గిన్నెతో చెప్పినట్టు చెప్పింది. "మా ఆయన్ని కూడా ఫోటో తీశారంట గదా."

హైమ చెయ్యి ఆగిపోయింది.

"ఆదివారం రాత్రి చెప్పాడు. నన్ను ఫోటో తీశారే అని ఒకటే నవ్వు. కాయల సంగతి కూడా చెప్పాడు. కోతులని చెబుతాలే, చిన్నపిల్లలు, అన్నాడు. వద్దయ్యా, నిజం చెప్పు అన్నా. ఇన్నాడు కాదు." ఆవిడ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "నేను చెబుదామని మీ వాకిట్లోకొచ్చేసరికే కింద కూచ్చుని దవడ పట్టుకుని ఉన్నాడు. ఇంకేం చెప్పేది? అమ్మాయిగారి పేరెత్తితే నాకింకో తొమ్మిది. ఆడి బొమ్మ ఎప్పుడూ ఎవరూ తియ్యలేదు. పెళ్ళికి కూడా లేదు. అది వచ్చిందా అండీ? చూసిస్తాను."

దొంగకి, పోలీసుకి, తోటకి, గుడిసెకి సంబంధించిన మాట ఒక్కటీ అడగలేదు. ఫోటో అడిగింది. హైమ దాన్ని తొడ కింద నుంచి తీసింది. తడిసి, కొద్దిగా వంగి ఉంది. ఇచ్చేసింది. ఇచ్చానని చెయ్యి ఖాళీ అయ్యాకే తెలిసింది.

అమృతమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, కొంగుతో చెమట తుడిచి, చూసింది. ముందు ఆయన మొహాన్ని చూసింది. విరగని దవడ, నోటి నిండా నవ్వు, బుగ్గ మీద చెయ్యి, వేళ్ళ సందుల్లోంచి కారుతున్న తెల్లటి చార. చూపుడువేలు కొసతో ఆ దవడ మీద రాసింది, నొప్పి పుట్టకుండా రాసినట్టు. తర్వాత ఆ వేలు పక్కకి జరిగింది. కాయలు నిండిన వోణీ చెంగు. దాన్ని పట్టుకున్న చెయ్యి. వెనక బోడి కొమ్మలతో ఆ చెట్టు, ఆ మోటారు షెడ్డు, ఆ తెగి వేలాడే కొమ్మ. అన్నీ ఒక్క అరచేతిలో. ఆవిడ ఊపిరి మారింది. తల ఎత్తి హైమ కళ్ళల్లోకి చూసింది, దయగా కాదు, దయ చూపించాల్సిన పని ఆవిడకి లేదు. "మీ ఫోటో ఇది. నేనిస్తే నేను ఆడించిన నాటకమంటాడు మీ నాన్న. మీ చేతికిస్తే కిటికీలోంచి పోద్ది, ఇందాకట్నుంచి చూస్తన్నా మీ చెయ్యి. చెప్పండి. ఎవరికివ్వను?"

 ఇంట్లో నాన్న. అమ్మ పన్ను. కోసిన తొడిమలు. ఊరు వచ్చేస్తోంది, పొలిమేర తాటిచెట్లు కనపడుతున్నాయి. రేపు పొద్దున కాయితం, సాయంత్రం గుడిసె, కుండలు బయట. ఇవన్నీ ఒక్క మాటకి అటువైపు ఉన్నాయి, ఇటువైపు తను, ఎనిమిది రోజులుగా. పెదాలు కదిలాయి.

"ఏంటమ్మా, వినపడలా" అంది ముసలావిడ మధ్యలో దూరి.

"నాన్నకివ్వండి." ఆ గొంతు ఎవరిది? బస్సులో సగం తలలు తిరిగాయి. "ఇంకొకటుంది. నాన్నకివ్వండి."

అమృతమ్మ ఫోటో ముసలావిడకిచ్చింది. ముసలావిడ కళ్ళు చిట్లించి, "ఓసి! ఇందులో కళ్ళు తెరిచిందర్రా పిల్ల!" అంది. అవును. పన్నెండిట్లో ఆ ఒక్కదాంట్లోనే, కళ్ళు పెద్దవి చేసుకుని, తెగించినట్టు, సూటిగా. ముందు సీటావిడ చూసింది, వెనక సీటావిడ చూసింది, "కాపు భలే ఉంది" అంది. కండక్టరు తీసుకున్నాడు, "పన్నెండో టిక్కెట్టు" అన్నాడు, ఎవరూ నవ్వలేదేమో, లేక నవ్వారేమో, ఆమెకి వినపడలేదు. మగవాళ్ళ సీట్లలో ఎవరో, "ఈ నవ్వేవాడెవడండీ? మీ సవరయ్య కదూ?" అన్నారు. నాన్న ఏదో చెబుతున్నాడు, ఎరువుల ధర గురించి. ఆ మాట సగంలో తెగింది.

హైమ వెనక్కి తిరిగింది. నాన్న ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, కిటికీ వైపు, వెలుతుర్లోకి వంచి చూశాడు. మిగతా పదకొండూ ఆయన ఒళ్ళోంచి జారి కింద పడ్డాయి, ఎవరివో చెప్పుల మధ్య సోడా సీసాలూ ఇసకా సైకిలూ చెదిరిపోయాయి. ఆయన లేచాడు. పై కడ్డీ పట్టుకున్నాడు. ఒక అడుగు, కడ్డీ, ఇంకో అడుగు, కడ్డీ. కిర్రుచెప్పులు. ఆ చప్పుడుకి రెప్పలు వాటంతట అవే దిగబోయాయి, ఆమె వాటిని ఎత్తి పట్టుకుంది, రెండు చేతులతో బరువు ఎత్తినట్టు. గాజులు ఆరూ మోచేతి దాకా తోసేసుకుని, మణికట్టు కనపడేలా ముందు సీటు కడ్డీ మీద చెయ్యి పెట్టింది.

కింద దారిలో అమృతమ్మ ఉంది. పెద్దమనిషి వస్తుంటే కాళ్ళు ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. ఖాళీ గిన్నె తీసి దారికి అడ్డంగా పెట్టింది.

నాన్న దాని ముందు ఆగాడు. ఆయన పెదాలు తెల్లగా ఉన్నాయి. చూపు గిన్నె మీద నుంచి అమృతమ్మ మీదికి, అక్కణ్ణుంచి కడ్డీ మీద చేతికి, ఆ చేతి మీది నల్ల మచ్చకి వచ్చి, అక్కడ నిలిచిపోయింది. ఒక చేతిలో ఫోటో అలాగే ఉంది. రెండో చెయ్యి గాల్లోకి లేచింది, కొట్టడానికో, బస్సు కుదుపుకి కడ్డీ అందుకోవడానికో.

హైమ రెప్ప వెయ్యలేదు.